మూడో కుర్చీ

ఉదయం పదిన్నరకు, లిఫ్టుల కంపెనీ ఇంటర్వ్యూ గదిలో, ఆమె అడగవలసిన ప్రశ్న అడగలేదు.

బల్ల వెనక మూడు కుర్చీలు. మధ్యలో మేనేజరు, ఆయనకు కుడివైపు సర్వీసు సెక్షన్ పెద్ద, ఎడమవైపు ఆమె. ఆమెది అకౌంట్సు. లిఫ్టుల గురించి ఆమెను ఎవరూ ఏమీ అడగమనలేదు. ఆడవాళ్ళెవరైనా ఇంటర్వ్యూకి వచ్చిన రోజే ఆమెకు కబురొస్తుంది. చివర్లో మేనేజరు ఆమె వైపు తల తిప్పుతాడు. "పెళ్ళయిందా? పిల్లల సంగతి ఏమనుకుంటున్నారు?" అని ఆమె అడగాలి. అయింది, అవుతుంది, అనుకుంటున్నాం. వీటిలో ఏ జవాబొచ్చినా ఆయన కలానికి మూత పెట్టేస్తాడు, ఆ పేరు అక్కడితో సరి. "మేమడిగితే బాగోదమ్మా. మీరైతే కష్టసుఖాలు మాట్లాడుకున్నట్టుంటుంది" అని మొదటిసారే చెప్పాడు.

తను ఈ ఉద్యోగానికి వచ్చినప్పుడు ఇదే కుర్చీలో ఇంకో ఆవిడ కూర్చుని ఇదే అడిగింది. "ఇప్పట్లో లేదండీ" అంది తను. ఉద్యోగం వచ్చింది. ఆ వారమే ఇంట్లో అత్తగారు బట్టలు మడతపెడుతూ "విశేషమేమైనా ఉందా?" అనడిగింది. ఆ జవాబే చెబితే ఆవిడ మూతి ముడుచుకుంది. ఆఫీసులో ఉందంటే తప్పు, ఇంట్లో లేదంటే తప్పు. కడుపుతో ఉన్నప్పుడు ఫైలు అడ్డం పెట్టుకుని నడిచింది. పిల్లకి జ్వరమొస్తే తనకే ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టింది. నిన్న భోజనాల దగ్గర ఈ సంగతంతా చెబితే భర్త తలెత్తకుండానే అన్నాడు: "వాళ్ళ కంపెనీ, వాళ్ళ డబ్బు. ఎవర్ని పెట్టుకుంటే నీకేం? మనింట్లో పనిమనిషిని మనం ఎంచుకోమా?" ఆమె అప్పుడు కంచాలు తీస్తోంది. ఆ ఇంట్లో పనిమనిషి లేదు.

ఈసారి మరమ్మతు పనికి ఆడా మగా కలిసి వచ్చారు కాబట్టి ఆమెను రోజంతా కూర్చోమన్నారు. మొదట వచ్చిన అమ్మాయి ఇంకో కంపెనీలో లిఫ్టుల మరమ్మతు చేసింది. అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులోంచి మనుషుల్ని ఎలా దించిందో చెప్పింది.

"భయం వేయలేదా?" అన్నాడు సెక్షన్ పెద్ద.

"లోపలున్నవాళ్ళకి వేసింది సార్."

ఆయన తలాడించాడు. మేనేజరు ఎడమవైపున్న ఆమె వైపు తిరిగాడు.

"నేనడగాల్సింది ఏమీ లేదండీ."

"మరిచిపోయినట్టున్నారు" అన్నాడు మేనేజరు మెల్లగా.

"లేదండీ, గుర్తుంది."

అమ్మాయి లేచి, నమస్కారం పెట్టి వెళ్ళింది. తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు. మేనేజరూ, సెక్షన్ పెద్దా అడగాల్సినవి అడిగారు. మేనేజరు ఇక వెళ్ళమనబోతుంటే ఆమె ముందుకు వంగింది.

"పెళ్ళయిందా?"

"వచ్చే నెలలోనండీ" అన్నాడతను, నవ్వుతూ.

"పిల్లల సంగతి ఏమనుకుంటున్నారు? వాళ్ళకి జ్వరమొస్తే సెలవెవరు పెడతారు?"

అతను మేనేజరు మొహం చూశాడు. "అంటే... మా అమ్మ చూసుకుంటుందండీ."

"ఆవిడనడిగారా?"

"అడగలేదండీ."

మేనేజరు అలవాటు చొప్పున కలానికి మూత పెట్టాడు. చూసుకుని మళ్ళీ తీశాడు. సెక్షన్ పెద్ద కిటికీ వైపు తిరిగి దగ్గాడు.

భోజనాల వేళ మేనేజరు ఆమెను వరండాలో ఆపాడు.

"ఏమిటమ్మా ఇది? ఇదేమన్నా సర్కారు ఆఫీసా? ప్రైవేటు సంస్థ. ఎవర్ని తీసుకోవాలో మనిష్టం."

"మీ ఇష్టమేనాండీ?"

"ముమ్మాటికీ."

"మరి అడగడానికి నా నోరెందుకండీ? ఆ అమ్మాయి ఇంకా కిందే ఉంది. పిలిపిస్తాను, నా ముందే మీరు అడగండి."

ఆయన పిలిపించమనలేదు. "మీ ప్రమోషన్ కాగితం నా బల్ల మీదే ఉంది. అదైనా గుర్తుందా?"

"గుర్తుందండీ."

"అయితే మధ్యాహ్నం మీరు రానక్కర్లేదు."

ఆమె తిని, డబ్బా కడుక్కుని వచ్చేసరికి ఇంటర్వ్యూలో ఆమె కూర్చున్న కుర్చీ అకౌంట్సు గది గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉంది. ఇనప కుర్చీ. రెండు చేతులతో ఎత్తుకుంది. వరండా దాటేలోగా అంచు రెండుసార్లు మోకాలికి కొట్టుకుంది. ఇంటర్వ్యూ గది తలుపు దగ్గర సెక్షన్ పెద్ద ఎదురయ్యాడు.

"ఏంటమ్మా, మోసుకొస్తున్నారు?"

"నాదే కదండీ."

ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె కుర్చీని ఎడమవైపు, ఉదయం ఉన్న చోటే వేసింది. మేనేజరు కాగితాల్లోంచి తలెత్తలేదు.

ఉద్యోగం ఎవరికన్నది ఆ రోజు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం మొదటగా వచ్చినవాడు మగవాడు. అతను తలుపు తోసుకుని వచ్చేసరికి బల్ల వెనక మూడు కుర్చీలున్నాయి.

"కూర్చోండి" అంది ఆమె. "పెళ్ళయిందా?"