మోగజ్ తల్లికి కొత్త పేరు

సముద్రం అవతల బతానెస్ దీవుల నుంచి లాన్యూ దీవికి చుట్టాలొచ్చారు. చుట్టాలని అనుకోవడమే గానీ, తరాల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. అయినా మాటలు కలిశాయి. కన్ను ఇక్కడా 'మతా'నే, అక్కడా 'మతా'నే. ఇల్లు ఇద్దరికీ 'వహయ్'. మాట కలిసినప్పుడల్లా మంచె మీది ముసలమ్మలు చప్పట్లు కొట్టి నవ్వారు.

'అపో' దగ్గర చిక్కొచ్చింది.

"అపో అంటే మనవడో మనవరాలో. ఇంకేముంటుంది?" అంది పొరుగింటి సియాపెన్ లవోనస్.

"మాకు అపో అంటే తాత, అమ్మమ్మ," అంది చుట్టాల్లో చిన్నది డెల్ఫినా. "ఇంకా కిందికి పోతే ఇలొకానో వాళ్లు దొరగారిని అపో అంటారు. మనీలాలో మళ్లీ మీలాగే, మనవడు."

"ఓసి మీ ఇల్లు బంగారంగానూ! మనవణ్ణి దొర అన్నా తప్పులేదులే. మా వాడు ఇంట్లో వెలగబెట్టేది దొరతనమేగా!"

అందరూ నవ్వారు. సినన్ మోగజ్ మాత్రం కాస్త ఆలస్యంగా నవ్వింది.

ఆ దీవిలో మనిషి పేరు మనిషితో ఉండిపోదు. తొలి బిడ్డ పుడితే ఆడది ఆ బిడ్డ పేరుతో 'సినన్' అవుతుంది, అంటే ఫలానావాడి తల్లి. తొలి మనవడు పుడితే వాడి పేరుతో 'సియాపెన్' అవుతుంది. సినన్ మోగజ్ ఈడువాళ్లంతా ఎప్పుడో సియాపెన్‌లయ్యారు. కొడుకు మోగజ్ తైపేలో సిమెంటు పనిలో ఉన్నాడు. యాభై దాటినా పెళ్లి లేదు. ఊరికొస్తే, బిడ్డల్లేరు గనక, చంటివాణ్ణి పిలిచినట్టు 'సి మోగజ్' అంటారని రావడమే మానేశాడు. అందుకే నెత్తి ముగ్గుబుట్టయినా ఆమె ఇంకా సినన్ మోగజే. ఎవరలా పిలిచినా ఆమెకు ఎక్కడో కలుక్కుమనేది.

డెల్ఫినా ఆమె ఇంట్లోనే దిగింది. చేమమడిలో మోకాలిలోతు బురదలో "అపో, అపో" అంటూ వెనకే తిరిగింది. ఆ ఇంట్లో రెండో గొంతు విని ఎన్నాళ్లయిందో! ఎండబెట్టి దాచుకున్న ఎగిరే చేపల్లో మంచివన్నీ ఆ పిల్ల పళ్లెంలోకే వెళ్లాయి.

వెళ్లేరోజు డెల్ఫినా అందరి ముందూ ఆమె మెడ చుట్టూ చేతులేసింది. "నా పేరు పెట్టుకో అపో. సియాపెన్ డెల్ఫినా! నాకు అమ్మమ్మ లేదు, నీకు మనవరాలు లేదు. సరిపోయింది."

"అలా కుదరదే పిల్లా, కొడుక్కి బిడ్డ పుట్టాలి," అనబోయి సియాపెన్ లవోనస్ ఆగింది. "పోనీలే పాపం, ఎన్నాళ్లని ఎదురుచూస్తుంది? ఇకనుంచి అలాగే పిలుస్తాం. అడిగేదెవరు?"

సినన్ మోగజ్ ఆ పేరును లోలోపల అనుకుని చూసుకుంది. ఒళ్లు పులకరించింది. మరుక్షణమే ఇంకోటి తట్టింది. ఈ పాత పేరు పోతే ఊళ్లో మోగజ్ అనేదెవరు? తనని పిలిచినప్పుడు తప్ప వాడి పేరు ఎవరి నోటా రాదే!

"వద్దు తల్లీ," అంది.

పిల్ల ముఖం చిన్నబోయింది. "నేనంటే ఇష్టం లేదా?"

"ప్రాణం. నువ్వు అపో అను, ఎన్నిసార్లైనా అను. ఊరివాళ్లని మాత్రం నా పాత పేరుతోనే పిలవనీ."

చిన్న విమానం వెళ్లిపోయింది. ఇంటికొచ్చి అలవాటుకొద్దీ రెండు పళ్లాలు తీసింది. ఒకటి మళ్లీ లోపల పెట్టేసి ఏడ్చింది.

సాయంత్రం కొడుకు ఫోన్ చేశాడు. తిన్నావా అంటే తిన్నావా అనుకున్నారు.

"అమ్మా, అక్కడ నేనింకా ఎవరికైనా గుర్తున్నానా?"

"గుర్తేమిటిరా! పొద్దున్న లేస్తే నీ పేరే."

"ఊరుకో అమ్మా," అని నవ్వాడు. నమ్మలేదు.

అంతలో పొరుగింటావిడ బయటనుంచి కేకేసింది. "సినన్ మోగజ్! వానొస్తోంది, చేపలు లోపల పెట్టుకో!"

ఆమె ఫోన్‌ను గుమ్మం వైపు చాపి పట్టుకుంది. వెంటనే పలకలేదు. పలక్కపోతే ఆవిడ మళ్లీ పిలుస్తుంది.