మూడో మంచం బిడ్డ రక్తం

ఇలా దగ్గరికి జరగండి, సముద్రపు గాలికి నా మాట కొట్టుకుపోతుంది. మన దీవి ప్రసూతి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు ఆయాగా చేసిన ఓక్‌బున్ సంగతి చెబుతాను. పొట్టి మనిషి. ఎదురుపడితే పలకరించాలని కూడా ఎవరికీ తోచని ముఖం.

ఒక ఉదయం, ఎప్పటిలాగే, ఆమె ఎడమ చేతిలో ఒక పసిబిడ్డ మడమ, కుడి చేతిలో సూది. నర్సులు చేయాల్సిన పనే, కానీ ఏళ్ల తరబడి జారుతూ జారుతూ వచ్చి ఆమె మీద పడింది. వేడినీళ్ల గుడ్డతో పాదం తుడిచింది. మడమ పక్కన పొడిచి, మొదటి చుక్కను దూదితో తీసేసి, రెండో చుక్కను మందపాటి కాగితం మీది గుండ్రంలో నింపింది. రక్తం కాగితం అవతలి వైపుకు కూడా ఊరాలి. ఆ కార్డును నీడలో ఆరబెట్టి పట్నం ల్యాబుకు పంపితే, బిడ్డ గొంతులోని థైరాయిడ్ పని చేస్తోందో లేదో చెబుతారు.

నీడలో ఆరబెట్టేది ఓక్‌బున్ ఒక్కతే. హెడ్ నర్సు ప్యోన్ కార్డులను గది వేడిచేసే గొట్టాల మీద పడేసేది. ఎండు స్క్విడ్ చేప చీల్చుకు తింటూ ఆ జిడ్డు వేళ్లతోనే రక్తపు గుండ్రాలు పట్టుకునేది. కాలిన రక్తం వాసన, చేప వాసన, వార్డులో బాలింతల కోసం మూడు పూటలా మరిగే సముద్రపు నాచు పులుసు వాసన కలిసి గదంతా నిండితే ఓక్‌బున్ లేచి కిటికీ తెరిచేది. ఇరవై రెండేళ్లయినా ఆ వాసన అలవాటు కాలేదు.

ఆ రోజు టపా కట్ట కడుతుంటే ఒక కార్డు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఈ బిడ్డ ఫలితం బాగా లేదు, వెంటనే రెండోసారి రక్తం తీసి పంపండి అని పట్నం నుంచి ఉత్తరం వచ్చిన బిడ్డది అది. వాడు పుట్టి పదహారో రోజు నడుస్తోంది. కార్డు మీద రక్తం ఇంకా తడిగా ఉంది. ఆ బిడ్డేమో రేవు దగ్గర తన ఇంట్లో ఉన్నాడు. ఆ ఇంటి గుమ్మానికి, బిడ్డ పుట్టాక ఇరవై ఒక్క రోజులు ఉంచే గడ్డితాడు కట్టి ఉంది. మిరపకాయలు, బొగ్గులు గుచ్చిన ఆ తాడు దాటి పరాయి మనిషి లోపలికి అడుగు పెట్టకూడదు.

ఈ రక్తం ఎవరిదని ప్యోన్‌ను అడిగింది.

"గుమ్మం దాకా వెళ్లానక్కా. తాడు కట్టి ఉంది. ఆ ఇంటి ముసలామె చీపురు తిరగేస్తుందని వచ్చేశాను," అంది ప్యోన్ నములుతూ. "మూడో మంచం బిడ్డకి రక్తం బోలెడుంది. కార్డు నిండాలి, నిండింది. ఆ పిల్లాడికేం? తల్లి గిన్నెలకు గిన్నెలు నాచు పులుసు తాగితే, అందులోని అయోడిన్‌కి ఎవరి పరీక్ష లెక్కయినా అలాగే చెడి వస్తుంది. బంగారం లాంటి బిడ్డట, అసలు ఏడవడట."

ఏడవడట.

ఓక్‌బున్ చేతిలోని కట్ట కింద పెట్టింది. ఆమె కూతురు యాంగ్‌న్యే కూడా ఏడ్చేది కాదు. పాలకు లేపితే తప్ప లేచేది కాదు. నాలుక బయటికి వచ్చేది, బొడ్డు ఉబ్బింది, ఒళ్లు చల్లగా ఉండేది. ఎంత మంచి పిల్లో అని ఊరంతా మెచ్చుకుంది. అప్పట్లో ఈ మడమ రక్తం పరీక్షలు లేవు. సియోల్ డాక్టరు చూసేనాటికి పిల్లకు ఆరేళ్లు. గొంతులో గ్రంథి ఉందమ్మా, కానీ రసం తయారుచేసే పద్ధతి దానికి తెలియదు, లోపం సగం తల్లి నుంచి సగం తండ్రి నుంచి వచ్చింది అన్నాడాయన. అత్త మాత్రం ఆ సగాన్ని ఒప్పుకోలేదు. మొత్తం కోడలి కడుపుదే అంది. మొగుడు తల ఊపి, పడవెక్కి పోయాడు. యాంగ్‌న్యేకు ఇప్పుడు ఇరవై ఆరేళ్లు, పదేళ్ల పిల్ల ఎత్తు. మొదటి మూడు వారాల్లోనే రోజూ చిన్న మాత్ర నలిపి నాలుక మీద పెట్టడం మొదలుపెట్టి ఉంటే ఇలా అయ్యేది కాదు.

ఓక్‌బున్ కార్డును రెండుగా చించింది. కొత్త కార్డు, సూది, దూది లోపలి జేబులో పెట్టుకుని మధ్యాహ్నపు ఎండలో రేవు వైపు నడిచింది.

గడ్డితాడు కింద వంగి దూరింది. మెట్టు రాయి మీద చెప్పులు విడిచి వసారా ఎక్కేసరికి ముసలామె ఎదురు నిలబడింది.

"గుడ్డిదానివా? తాడు కనబడలేదూ? చావు ఇళ్లూ పురిటి ఇళ్లూ తిరిగే కాళ్లతో నా మనవడి మీదికొస్తావా?"

"నా కూతురూ ఏడవలేదమ్మా," అంది ఓక్‌బున్. గొంతు పెంచలేదు. "అందరూ మెచ్చుకున్నారు. ఇరవై ఆరేళ్లొచ్చాయి, ఇవాళ పొద్దున కూడా నేనే జడ వేసొచ్చాను. మీ వాడి మడమ ఒక్క నిమిషం ఇప్పించండి, తర్వాత నన్ను కొట్టండి."

అశుభాన్ని తరమడానికి చల్లే ఉప్పు గిన్నె కోసం ముసలామె వంటింట్లోకి పోయింది. అప్పుడు కాగితపు తలుపు జానెడు జరిగింది. బాలింత ముఖం కనబడలేదు. సందులోంచి పసుపుపచ్చగా, చల్లగా ఒక చిన్న పాదం బయటికి వచ్చింది. ఓక్‌బున్ దాన్ని తన అరచేతుల్లో వెచ్చచేసింది. పొడిచింది. బిడ్డ ఏడవలేదు, మేకపిల్లలా బొంగురుగా ఒక్క మూలుగు మూలిగాడు. గుండ్రాలు నాలుగూ నిండాయి.

ముసలామె విసిరిన ఉప్పు వచ్చి ఓక్‌బున్ జుట్టులో, కళ్లల్లో పడింది. ఆమె కార్డును రొమ్ముకు అడ్డం పట్టుకుని, ఒక చెప్పులో కాలు దూర్చి, రెండోది దొరక్క, అలాగే కుంటుకుంటూ రేవుకు పోయి, టపా పడవ వాడి చేతిలో స్వయంగా పెట్టింది.

మర్నాడు ముసలామె ఆసుపత్రికి ఫోను చేసి తిట్టింది. ఇక రావద్దని ప్యోన్ చెప్పింది. ఓక్‌బున్ ఏప్రాను విప్పి మడిచి, కూతురి చెయ్యి పట్టుకుని మధ్యాహ్నపు పడవ ఎక్కింది. తమ్ముడి ఊరికి వెళ్లిందని కొందరు అన్నారు. తిరిగి రాలేదు.

బిడ్డ పుట్టిన ఇరవయ్యో రోజున, వాడి థైరాయిడ్ పని చేయడం లేదని పట్నం నుంచి కబురొచ్చింది. గడ్డితాడు ఇంకా దించకముందే బిడ్డ నాలుక మీద మాత్ర పడింది. వాడు ఏడవడం నేర్చుకున్నాడు, వీధి వీధంతా వినబడేలా.

మీ వీధిలో ఎవరైనా మా బిడ్డ అసలు ఏడవడని మురిసిపోతే, ఈ కథ గుర్తు తెచ్చుకుని చెప్పండి. చెప్పేటప్పుడు, ఆ ముసలామె బయట పారేయలేక, లోపలికి తేలేక మెట్టు రాయి మీదే ఏళ్లపాటు ఉంచేసిన ఓక్‌బున్ చెప్పు సంగతి కూడా చెప్పండి: ఎడమ కాలిది, నల్ల రబ్బరుది, మడమ దగ్గర అరిగినది, లోపల ఉప్పు గడ్డకట్టినది.