మడ్‌గార్డు మీద చోటు

బుచ్చిరాములు ట్రాక్టరు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి ఉండే రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి గొళ్లెం వేశాడు. వేసినదాన్ని కాలితో ఒకసారి తన్ని చూశాడు. తర్వాత కిందికి దిగి, ట్రాక్టరుకూ ట్యాంకరుకూ మధ్యనున్న పిన్నును కదిలించి చూశాడు. నిన్నా చూశాడు, మొన్నా చూశాడు, రాత్రికి రాత్రి దాన్నెవరూ ఎత్తుకుపోలేదు. అయినా చూడాలి. భుజం మీద పైపు చుట్టతో నిలబడ్డ భూదేవికి ఒళ్లు మండిపోయింది. పెళ్లిచూపులనాడు కూడా తనను ఇంత శ్రద్ధగా చూసి ఉండడని ఆమె గట్టి నమ్మకం.

యూనివర్సిటీ హాస్టళ్ల వెనక బండరాళ్ల గుట్ట ఒకటుంది. దాని మీద మొన్నటి వానాకాలంలో మొక్కలు నాటారు. ఆరోజు ఫొటోలు దిగినవాళ్లు చాలామందే. నీళ్లు పోసేది మాత్రం కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లు, వాళ్లకు ఆ నీళ్లు తెచ్చేది బుచ్చిరాములు. తార్నాక వైపు గేటు దగ్గరి బోరులో ట్యాంకరు నింపుకొని, గుట్ట అడుగున ఆగి, ఈ పూజంతా చేసి, అప్పుడు ఎక్కుతాడు. ఆడవాళ్లు నడిచి రావాలి. అదీ బండి వెనకనే కాదు, పక్కకు జరిగి, దూరంగా.

ఆయన నియమాల బరువంతా ఆడవాళ్ల కాళ్ల మీదే పడేది. గుట్టకు అడ్డంగా బండి నడపడు. నిట్టనిలువుగా ఎక్కుతాడు, నిట్టనిలువుగా దిగుతాడు. అందువల్ల మొక్కల వరుసల వెంట ట్యాంకరు రాదు, వీళ్లే పైపు ఈడ్చుకుపోవాలి. సగం ట్యాంకుతో దిగడు, లోపల నీళ్లు ఒక పక్కకు తూలుతాయట. అన్నం వేళ దాటిపోయినా సరే చుక్క మిగలకుండా పోయాల్సిందే. ఏ గేరులో ఎక్కాడో ఆ గేరులోనే నత్తలాగా దిగుతాడు. మిగతా డ్రైవర్లు న్యూట్రల్లో వేసి జారుకుంటూ పోతారు. డీజిలు మిగిలిందని సూపర్‌వైజరు రత్నాకర్ వాళ్లను మెచ్చుకుంటాడు. బుచ్చిరాములును ఎవరూ మెచ్చుకోరు. భూదేవి అసలే మెచ్చుకోదు, ఆమె ఆయన పెళ్లాం కాబట్టి.

వారాసిగూడలోని గది నుంచి పొద్దున్నే ఇద్దరూ ఒకే మోపెడ్ మీద వస్తారు. దాని మీద వెనక కూర్చోబెట్టుకుంటాడు, స్పీడు బ్రేకరు వస్తే "పట్టుకో" అని కూడా అంటాడు. ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె ఎవరో, ఆయన ఎవరో.

కొంతకాలంగా ఆమె కుడి మోకాలు వాచి ఉంటోంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి, కింద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. ట్రాక్టరు పెద్ద చక్రాల పైన ఇటొకటి అటొకటి మడ్‌గార్డులున్నాయి. ఒక్కోదాని మీద ఒక మనిషి హాయిగా కూర్చోవచ్చు, లోకమంతా కూర్చుంటూనే ఉంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అక్కడ కూర్చొని గుట్ట ఎక్కాలని భూదేవి కోరిక. అదేం గొంతెమ్మ కోరిక కాదు. మొగుడు విమానం నడపడం లేదు కదా.

ఈరోజు అడగదలచుకోలేదు. ఆయన పిన్ను చూసి వచ్చేలోగా పైపు చుట్టతో సహా ఎడమ మడ్‌గార్డు మీదికెక్కి కూర్చుంది.

"దిగు" అన్నాడు బుచ్చిరాములు.

"దిగ. మోకాలు గుంజుతున్నది. గీ గుట్ట నేను నడిచి ఎక్క."

"ఎక్కకు. కిందనే ఉండు. నీళ్లు లచ్చవ్వోళ్లు పోస్తరు."

"కిందుంటే రత్నాకర్ సారు ఊకుంటడా?"

ఆయన సీటెక్కి, ఇంజను ఆపేసి, చేతులు కట్టుకొని కూర్చున్నాడు. వానొచ్చినా పిడుగొచ్చినా అలాగే కూర్చోగలడని అందరికీ తెలుసు. పొట్టి మనిషి, లావు మెడ. ఏళ్ల తరబడి కుడి భుజం మీదుగా వెనక్కి ట్యాంకరును చూసుకుంటూ నడపడం వల్ల ఆ భుజం కాస్త కిందికి జారింది. ఇంట్లో అన్నం తింటున్నా సరే వెనకేదో వస్తున్నట్టు అటొకసారి చూస్తాడు. గోళ్లలో గ్రీజు ఎన్ని సబ్బులు అరగదీసినా పోదు.

లచ్చవ్వ కల్పించుకుంది. ఆమె అందరికన్నా పెద్దది, ఎవర్నైనా ఏమైనా అనగలదు. "బుచ్చన్నా, నీ పెండ్లమే గదా, జర కూసోనియ్యి. మేమేం అడుగుతలేం."

"ఇయ్యాల ఆమె, రేపు నువ్వు, ఎల్లుండి అందరు" అన్నాడు అటు తిరక్కుండానే.

ఎందుకు కూర్చోకూడదో మాత్రం చెప్పలేదు. ఏది ఎందుకో చెప్పడం ఆయన వల్ల కాని పని. కాపురం మొదలైన నాటి నుంచీ అంతే, వద్దంటే వద్దు, ఆపైన మూతి బిగించుకొని కూర్చోవడం. ఎండ ముదురుతోంది. పైన మొక్కలు ఎండుతున్నాయి, కింద మనుషులు ఎండుతున్నారు. చివరికి దిగింది భూదేవే. దిగేటప్పుడు మోకాలు కలుక్కుమంది.

"ఇగ నిన్ను అడుగుతే నన్ను చెప్పుతోని కొట్టు" అంది.

ఆయన ఇంజను స్టార్టు చేశాడు.

గుట్ట ఎక్కడానికి ఆమె రెండుచోట్ల ఆగింది. ట్యాంకరు ముందు ముందు మూలుగుతూ పోయి పైన చదునులో నిలబడింది. ఆయన దిగి చక్రాల కింద రాళ్లు పెట్టడం కింది నుంచే కనిపించింది. ఆ రాళ్ల మీద ఉన్న ప్రేమలో పావు వంతు తన మీద ఉంటే ఈ మోకాలికి ఈ గతి పట్టేది కాదని లచ్చవ్వతో అంది. లచ్చవ్వ నవ్వింది. భూదేవికి నవ్వు రాలేదు.

నీళ్లు పోయడం ముగిసేసరికి అన్నం వేళ దాటిపోయింది. ట్యాంకు అడుగున ఇంకా కొన్ని నీళ్లు మిగిలితే, అవీ ఖాళీ చేయమన్నాడు. ఆ బురదనీళ్లు మోదుగ మొక్కకు పోసి, బండ నీడన కూర్చున్నారు. భూదేవి ఆయన టిఫిను డబ్బా ఠకీమని ముందు పెట్టి, తాను అటు తిరిగి కూర్చుంది. మాట్లాడకూడదని పొద్దున్నే నిర్ణయించుకుంది. అన్నం, పచ్చిపులుసు, కాస్త తొక్కు. ఆయన సగం తిని మూత పెట్టేశాడు.

"గ్యాస్ పట్టినట్టున్నది" అని ఛాతీ రుద్దుకున్నాడు.

ఆమె విననట్టే ఉంది. నీళ్ల సీసా మాత్రం వెనక్కి చూడకుండా ఆయన వైపు జరిపింది. ఆయన తాగి లేచాడు. రాళ్లు తీశాడు, గొళ్లెం తన్ని చూశాడు, పిన్ను కదిలించాడు.

"పైపు చుట్టుకొని రా. జర మెల్లగ దిగు" అన్నాడు.

మెల్లగా కాక పరుగెత్తుతానా ఈ కాలితో, అనుకుంది.

ట్రాక్టరు గుర్రుగుర్రుమంటూ దిగడం మొదలుపెట్టింది. భూదేవి, లచ్చవ్వ పైపు చుడుతున్నారు, మిగతా ఆడవాళ్లు పాదులు సరిచేస్తున్నారు. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. భూదేవి తొంగి చూసింది. గుట్ట సగంలో, పెద్ద బండ పక్కన కాస్త చదును నేల ఉంది. ట్రాక్టరు అక్కడ ఆగి ఉంది. బుచ్చిరాములు కిందికి దిగి, బండి నీడలో కూర్చుంటున్నాడు.

ఆయన దిగేటప్పుడు దారిలో ఎక్కడా ఆగడు. ఆగితే కదా ఎవరైనా ఎక్కేది.

"చూసినవా" అంది లచ్చవ్వ. "నీకోసమే ఆగిండు. మనసు కరిగినట్టున్నది."

భూదేవి మొహం మాడ్చుకుంది గానీ లోపల ఏదో సర్దుకుంది. ఆగాడన్నమాట. చూడనీ, ఎదురుచూడనీ, తాను ఎన్ని రోజులు ఎదురుచూసిందో ఆయనకూ తెలియాలి. పైపును విప్పి మళ్లీ శుభ్రంగా చుట్టింది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది. తలకు కట్టుకున్న గుడ్డ విప్పి కట్టుకుంది. దిగడం కూడా మరీ నెమ్మదిగా దిగింది, మోకాలు కోరినదానికన్నా నెమ్మదిగా. ఎక్కు అంటే వెంటనే ఎక్కకూడదు. రెండుసార్లు అననివ్వాలి. మూడోసారికి ఎక్కాలి.

చదునులోకి వచ్చి, ఆయనకు వినబడేంత దూరంలో నిలబడింది.

"ఎందుకు ఆగినవ్? నేను నడిచే వస్త" అంది.

బుచ్చిరాములు పెద్ద చక్రానికి ఆనుకొని కూర్చున్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. చెయ్యి ఒళ్లో పడి ఉంది, వేళ్లకు మట్టి. చక్రం కింద రాయి బిగించి ఉంది. బండి గేరులో ఉంది, హ్యాండు బ్రేకు లాగి ఉంది. అన్నీ చేశాకే కూర్చున్నాడు. వెనకే దిగి వచ్చిన లచ్చవ్వ ముందుగా ఆయన భుజం తట్టి, తర్వాత భూదేవి మొహంలోకి చూసింది. ట్యాంకరు కుళాయి అంచు నుంచి నీటిబొట్లు బండ మీద పడుతున్నాయి.

గుండె ఆగిందని తార్నాక ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. గోల్నాక నుంచి కూతురు వనజ ఏడుస్తూ వచ్చింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ లచ్చవ్వ ఒకే సంగతి చెప్పింది: పెండ్లం నడవలేదని పాపం గుట్ట మధ్యల ఆగిండు, ఆమె కోసమే ఆగి ఆగి పానం ఇడిసిండు. వినేవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఎంత మంచి మనిషి అన్నారు.

భూదేవి ఆ మాటను కాదనలేదు. కానీ ఆమెకు తెలుసు. ఆయన ఆగింది తన కోసం కాదు, బండి కోసం. ఏదో అవుతున్నదని తెలిసింది, చదును చూసి ఆపాడు, గేరు వేశాడు, రాయి వెతికి చక్రం కింద పెట్టాడు. అంత ఓపిక ఉన్నవాడు ఒక్క కేక వేయలేకపోయాడా? భూదేవీ అని ఒక్కసారి పిలిస్తే మోకాలు విరిగినా పరుగెత్తి వచ్చేది కదా. తాను పైన నిలబడి కుచ్చిళ్లు దులుపుకుంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ముందు ఆయన మీద కోపం వచ్చేది, ఆ తర్వాత తన మీద.

దినాలు అయిపోయాక పనికి వచ్చింది. ట్రాక్టరు మీద ముఖేష్ అనే కొత్త డ్రైవరు ఉన్నాడు. నవ్వుమొహం, మెత్తటి మనిషి. గుట్ట అడుగున ఆపి, ఎడమ మడ్‌గార్డు మీద గోనెసంచి నాలుగు మడతలు వేసి పరిచాడు.

"కూసో పెద్దమ్మా. మెత్తగుంటది. గీ కాలుతోని ఎట్ల ఎక్కుతవు?"

భూదేవి ఎక్కి కూర్చుంది. కుడివైపు దాని మీద లచ్చవ్వ అప్పటికే కాళ్లూపుతూ కూర్చుని ఉంది.

బండి గుట్ట ఎక్కుతుంటే ముందు చక్రాలు తేలికై, నేలను వదిలీ వదలనట్టు తాకుతున్నాయి. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు. పట్టుకోవడానికి రేకు అంచు తప్ప ఏమీ లేదు. జానెడు దూరంలో, ఆమె చీర చెంగు పక్కనే, మనిషంత చక్రం మట్టిని నమిలి వెనక్కి ఉమ్ముతూ తిరుగుతోంది. ఆడవాళ్లకు పైపు ఈడ్చే పని తప్పుతుందని ముఖేష్ బండిని మొక్కల వరుస వైపు అడ్డంగా తిప్పాడు. ట్యాంకరులో నీళ్లు దబ్బున ఒక పక్కకు పోయాయి. భూదేవి సంచితో సహా పల్లం వైపు జారింది. వేళ్లు రేకు అంచును పట్టుకున్నాయి గనక ఆగింది.

ఈ ముక్క నోటితో చెబితే నీ సొమ్మేం పోయేదయ్యా, అనుకుంది. ఏళ్ల తరబడి వద్దన్నావు, అలిగావు, ఇంజను ఆపి కూర్చున్నావు. పడిపోతావేమోనని నాకు భయమే అని ఒక్కసారి అనలేకపోయావు.

పెద్ద బండ పక్కన చదును రాగానే ఆపమంది. దిగింది. అవతలికి పోయి లచ్చవ్వ చెయ్యి పట్టి లాగింది.

"ఏందే నీ లొల్లి?" అంది లచ్చవ్వ. ఆ పట్టు విడిపించుకోలేక తిట్టుకుంటూ దిగింది. "పొయ్యేటప్పుడు మొగుడు బుద్ధంత నీకే ఇచ్చిపోయిండా?"

"ఏమైంది పెద్దమ్మా, మంచిగనే కూసున్నవ్ గదా?" అన్నాడు ముఖేష్.

చెబుదామనే నోరు తెరిచింది భూదేవి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"వద్దు. నువ్వు సీదా పో. అడ్డం తిప్పకు" అంది విసుగ్గా.

ముఖేష్ భుజాలెగరేసి గేరు వేశాడు. ఇద్దరు ఆడవాళ్లూ పక్కకు జరిగి, దూరంగా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని ఎక్కసాగారు. ముందు ట్రాక్టరు నిట్టనిలువుగా పోతోంది. దాని ఎడమ మడ్‌గార్డు మీద గోనెసంచి, మనిషి కూర్చున్నంత మేర ఇంకా అణిగే ఉండి, కుదుపు కుదుపుకూ కొంచెం కొంచెంగా అంచుకు జరుగుతోంది.