బోరుకు కేసింగ్, హనుమండ్లుకు స్టెంట్

"ధోవతి ముడి గంత బిగ్గర గట్టుకుంటే కడుపు కొట్టుకోదా?" అంది కొమురవ్వ.

"ముడి నాది, కడుపు నాది. నీకేంది పరేషాన్?" అన్నాడు హనుమండ్లు.

అన్నాడే గాని ముడి వదులు చేశాడు. రెండు రోజులు ధోవతి జారింది తప్ప బొడ్డు దగ్గర దడ ఆగలేదు. పైగా పొద్దు వాలితే చలిజ్వరం. కోడలు నవనీత ఇద్దరినీ సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ ఆసుపత్రికి బయలుదేరదీసింది.

గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం కడుపులో బుడగలా ఉబ్బిందన్నాడు డాక్టరు. క్రిములు పట్టి దాని గోడ పుచ్చిందట. పగిలితే మనిషి దక్కడు. కడుపు కోయడం ఈ వయసులో, ఈ షుగరుతో గండం. తొడ దగ్గరి నాళంలోంచి స్టెంట్ పంపుదామన్నాడు.

"స్టెంట్ గుండెకేస్తరు గద సారూ! నా గుండె గట్టిది. ముప్పై ఎనిమిదేండ్ల సంది గీమెతోని కాపురం జేస్తున్న."

"మామా, బోరు కూలకుండ లోపల కేసింగ్ దించుతరు జూడు, గట్లనే," అంది నవనీత.

హనుమండ్లు వెంటనే సంతకం పెట్టాడు.

స్టెంట్ కుదిరింది. వారాల తరబడి సూదిమందు ఎక్కింది. ఇంటికి పంపుతూ డాక్టరు గట్టిగానే చెప్పాడు: స్టెంట్ నాళం పగలకుండా కాస్తుంది, క్రిమిని చంపదు. దానికి నెలల తరబడి మాత్రలు మింగాలి. ఆ క్రిమి ఉండేది వరిమడి బురదలో, ఎక్కేది కాలి పగుళ్ళలోంచి. ఉత్తకాళ్ళతో మడిలో దిగొద్దు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ ఇంట్లో వరినాటుకు నారు తొలికట్ట ఇంటిపెద్దే వేయాలి, అదీ ఉత్తకాళ్ళతో. చెప్పులతో తొక్కితే భూదేవి అలుగుతుందట. నాటు ఎల్లుండే. అంతలో మంచం కింద ఊడుస్తుంటే కొమురవ్వ చీపురుకు పదకొండు మాత్రలు తగిలాయి.

"గివేంది?"

"కేసింగ్ ఏసినంక బోరుకు మందు తాపుతరానే?"

కొమురవ్వ అరవలేదు. అదే ఆయనకు భయం.

"పో, మడిల దిగు. భూదేవికి నువ్వంటే పానం. లోపలికే గుంజుకుంటది," అని వంటింట్లోకి పోయింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర హనుమండ్లు పప్పును చాలాసేపు కలిపాడు. చివరికి కోడలి వైపు తిరిగాడు.

"ఎల్లుండి తొలికట్ట మీ అత్త ఏస్తది, నవనీతా. రబ్బరు బూట్లు తెప్పియ్యి. ఆమెకొక్కదానికే గాదు, నాటుకొచ్చే ఆడోళ్ళందరికి. భూదేవికి నేను ఒడ్డు మీద నిలవడి నచ్చజెప్పుకుంట. ఏమే, గా మాత్ర ఇటియ్యి, నీ ముంగట్నే మింగుత."