అక్కర్లేదు, మా అమ్మే

ఆ వీడియో చూసి నవ్విన ప్రతి ఒక్కరూ దొంగే. మెత్తగా చెప్పాల్సిన అవసరమేం లేదు. ఒక మనిషి తన వంటగదిలో గిన్నెలు తోముకుంటూ తనలో తాను మాట్లాడుకుంటుంటే, తలుపు చాటు నుంచి తీసినవాడు మొదటి దొంగ. దానికి డప్పుల మోత కలిపి మళ్ళీ వదిలినవాడు రెండో దొంగ. పొట్ట పట్టుకుని నవ్వి పక్కవాళ్ళకి పంపినవాళ్ళు, మీరైనా సరే, మీ చెల్లెలైనా సరే, ఆ సొమ్ము పంచుకు తిన్నవాళ్ళే. కానీ వీటన్నిటికంటే పెద్ద దొంగతనం ప్రేమగా జరిగింది. ఆదివారం మధ్యాహ్నం, హాల్లో, ఆమె పెట్టిచ్చిన టీ తాగుతూ చేశారు.

ముందు ఆ వీడియో సంగతి. మొత్తం నలభై రెండు సెకన్లు. ఆమె ఒక పెద్దాసుపత్రి రికార్డుల సెక్షన్‌లో పద్నాలుగేళ్ళుగా పని చేస్తోంది. ఏ రోగి కాగితం ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. సూపర్‌వైజర్ కుర్చీ మూడుసార్లు ఖాళీ అయింది. మూడుసార్లూ ఆమె పని నేర్పిన మగపిల్లలే ఎక్కి కూర్చున్నారు. నాలుగోసారి నోరు తెరిచి అడుగుదామనుకుంది. అడగటం అలవాటు లేని మనిషి కదా, రిహార్సల్ వేసుకుంది. కుళాయినే పెద్దసారు అనుకుంది. సబ్బు నురగ కారుతున్న గరిటె ఊపుతూ, "వాళ్ళకి పని నేర్పింది నేనే కదా సార్! ఆగండి. ఒక్క నిమిషం సార్, నేనింకా పూర్తి చెయ్యలేదు" అంది. కుళాయి ఏం అడ్డం చెప్పిందో ఏమో, గరిటెతో దాని నెత్తిన ఒక్కటిచ్చింది.

కళ్ళజోళ్ళ కొట్టు నడిపే మొగుడు దాన్ని ఫోన్లో తీసి, 'మా ఆవిడ మీటింగులో ఉంది' అని పేరు పెట్టి లోకం మీదికి వదిలాడు. నాలుగు లక్షల మంది చూశారు. "నిన్ను స్టార్‌ని చేశానోయ్, ఒక థాంక్స్ అయినా చెప్పవేం?" అన్నాడు. కొట్టుకి వచ్చినవాళ్ళు "ఆవిడ భర్త మీరేనా" అని సెల్ఫీలు దిగుతుంటే, పాపం ఆయన కొత్త చొక్కాలు కూడా కుట్టించుకున్నాడు. అత్తగారు, "వాడేమన్నా కొట్టాడా, తిట్టాడా? నలుగురూ నవ్వుకుంటే నీదేం పోయిందమ్మాయ్?" అంది. లిఫ్టులో ముక్కూ మొహం తెలియని పిల్లలు "ఒక్క నిమిషం సార్" అని ఒకళ్ళనొకళ్ళు గిల్లుకునేవారు. ఆమె నిజంగానే పెద్దసారు గదికి వెళ్ళిన రోజున, ఆమె నోరు విప్పకముందే ఆయన అరచెయ్యి ఎత్తి, "ఒక్క నిమిషం మేడమ్, నేనింకా పూర్తి చెయ్యలేదు" అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు.

నీదేం పోయింది అని అడిగింది కదా అత్తగారు. ఏం పోయిందో చెప్పటానికి ఆమెకి చాలా రోజులు పట్టింది. ఆమె పేర ఇల్లు లేదు. బీరువాలో ఒక అర కూడా పూర్తిగా ఆమెది కాదు, సగం మొగుడి పాత లుంగీలు. చిన్నప్పటి నుంచీ ఉన్న సొంత జాగా ఒక్కటే, తనలో తాను మాట్లాడుకునే చోటు. అక్కడికి ఎవరూ చెప్పులేసుకుని వచ్చేవారు కాదు. అత్తగారికి చెప్పాల్సిన జవాబులన్నీ అక్కడే చెప్పేది. మొగుడితో దెబ్బలాడి గెలిచి, మళ్ళీ తనే జాలిపడి వదిలేసేది. చచ్చిపోయిన వాళ్ళమ్మతో ఉప్పు సరిపోయిందా అని అడిగేది. ఆ చోటుకి తలుపు లేదని, ఉన్నా దాని చాటున ఎవరో ఫోను పట్టుకుని నిలబడ్డారని తెలిశాక పెదవులు వాటంతటవే బిగుసుకుపోయాయి. ఆ తర్వాత ఆమె గిన్నెలు తోముతుంటే గిన్నెల చప్పుడు మాత్రమే వినిపించేది. "ఈమధ్య ఇల్లు ప్రశాంతంగా ఉందోయ్" అని మొగుడు మెచ్చుకున్నాడు కూడా.

ఇంట్లో నవ్వనిది కూతురొక్కతే. "సిగ్గులేదా నాన్నా?" అని ఆ రోజు తండ్రి మీద అరిచింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన ఆ వీడియో తీసెయ్యలేదు, అది వేరే సంగతి. ఒక సాయంత్రం తల్లీకూతుళ్ళిద్దరూ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతలు పెడుతుంటే, ఆ దిండు గలేబుల మధ్య ఆమె కడుపులో ఉన్నదంతా కూతురి ముందు పోసుకుంది. క్యాంటీన్‌లోకి వెళ్ళటం మానేశానని, పాత ఫైళ్ళ గదిలో ర్యాకుల మధ్య నేలమీద కూర్చుని డబ్బాలో అన్నం తింటున్నానని, ఫోను బోర్లా పెట్టుకుంటున్నానని. "నాలో నేను మాట్లాడుకోవాలన్నా ముందు గుమ్మం వైపు చూసుకుంటున్నానే" అంది. కూతురు ఆమెని వాటేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నిజమే. అందులో అబద్ధం లేదు, అదే ఈ కథలో కష్టం.

ఎనిమిది నెలలు గడిచేసరికి జనం వేరే నవ్వులు వెతుక్కున్నారు. పెద్దసారు రిటైరయ్యాడు. వచ్చే నెల కొత్త అధికారి వస్తున్నారు, వేరే ఊరి మనిషి, ఆ వీడియో చూసి ఉండకపోవచ్చు. నాలుగోసారీ ఇంకో కుర్రాడికే పోయిన సూపర్‌వైజర్ కుర్చీ మళ్ళీ ఖాళీగా ఉంది. ఆమె మళ్ళీ రిహార్సల్ మొదలుపెట్టింది. పెదవులు కదపకుండా, కుళాయి ధారగా వదిలి, ఆ చప్పుడు చాటున.

ఆ ఆదివారం కూతురు స్నేహితులిద్దరిని ఇంటికి తెచ్చింది. సినిమా కోర్సు ఆఖరి సంవత్సరం, ఒక మ్యూజిక్ వీడియో తీసి కాలేజీలో చూపించాలి. తీసుకున్న విషయం, కీర్తి వెనకాల చీకటి. కెమెరా పట్టే పిల్ల ఒకతి, పాట కట్టేవాడొకడు, డైరెక్టరు కూతురు. "అమ్మా, నల్ల దుప్పటి ఉందా?" "ఆంటీ, పొడుగు అద్దం కాస్త ఇటు జరుపుతారా?" "అమ్మా, టీ!" ఆమె ఒక్కో కేకకీ ఒక్కోసారి లేస్తూ, లోపల్లోపల పొంగిపోతూనే ఉంది. తన కూతురు డైరెక్టరమ్మ.

"హీరోయిన్ అద్దం ముందు కూర్చుని, కాటుక కారిపోతూ ఏడవాలి" అంటోంది కెమెరా పిల్ల.

"ఏటా అదే ఏడుపు. మా సార్ ఇప్పటికి తొమ్మిది అద్దాలు చూశాడంట, పదోది పెడితే పగలగొడతానన్నాడు" అన్నాడు పాటవాడు.

"పోనీ వానలో నడిపిద్దాం."

"వాన ఎవరు తెస్తారు, మీ తాతా?"

వంటగదిలో ఆమెకి నవ్వొచ్చింది. అప్పుడు పాటవాడు పల్లవి అందుకున్నాడు. గొంతు బాగుంది వాడిది. "నాతో నేను మాట్లాడాలన్నా... గుమ్మం వైపు చూస్తున్నా..."

టీ వడపోస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఎవరికైనా తట్టే మాటేలే అనుకుంది. గుమ్మాలు ఎవరి ఇంట్లో లేవు? కప్పులు పళ్ళెంలో పెట్టుకుని హాల్లోకి వచ్చింది. గోడకి పెద్ద చార్టు అంటించి ఉంది, గళ్ళు గీసి ఒక్కో గడిలో ఒక్కో షాట్ బొమ్మ. తొమ్మిదో గడిలో రెండు ర్యాకుల మధ్య నేలమీద ఒక ఆడమనిషి. ఒళ్ళో డబ్బా. పక్కన బోర్లా పెట్టిన ఫోను. మెడలో ఆఫీసు కార్డు కూడా వేసింది, బొమ్మ బాగా వేస్తుంది కూతురు.

"అమ్మా, నీ ఆఫీసు కార్డు రెండు రోజులు కావాలే. దీనికే" అంది కూతురు, తలెత్తకుండా. "నీ గొంతు కూడా పెడుతున్నాం. బీట్ ఒక్కసారి ఆగిపోతుంది, అప్పుడు నీ మాట వస్తుంది, ఒక్క నిమిషం సార్ అని. చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరించాలి!"

చార్టు కింద ఇంకో కాగితం ఉంది. తెరమీద కనిపించే, వినిపించే ప్రతిదానికీ అనుమతి చూపించాలట, కాలేజీ రూలు. కూతురి గుండ్రటి అక్షరాలు. మేడ పైభాగం: అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి లెటర్ ఇవ్వాలి. కింది ఇంటి పిల్లి: ఆంటీని వారం ముందే అడగాలి, మర్చిపోవద్దు. వంటగది క్లిప్: నాన్న, సంతకం అయింది. క్లిప్‌లో మనిషి: అక్కర్లేదు, మా అమ్మే.

ఆమె ఆ వరస మూడుసార్లు చదివింది. పిల్లిని అడగాలి, మర్చిపోవద్దు. మొగుడు నా గుట్టు తీసుకెళ్ళి సంతలో పెట్టాడు, సరే, ఆయన సంగతి తెలిసిందే అనుకున్నాను. కానీ ఇది? ఇది దిండు గలేబుల మధ్య చెప్పిన మాట కదా. అది తెలిసింది లోకంలో ఒక్కదానికే. అంటే వాటేసుకుని ఏడుస్తున్నప్పుడే ఒక కన్ను బొమ్మ గీసుకుంటోందా? ఆయన నా నోరు ఎత్తుకుపోతే, ఇది నా మౌనం కూడా ఎత్తుకుపోయింది.

పళ్ళెం బల్లమీద పెట్టింది. "పిల్లి పాటి చెయ్యనటే నేను?"

కూతురు కాగితం వైపు చూసింది, తల్లి వైపు చూసింది. "అమ్మా, అది కాదు... నాన్న తీసింది వెక్కిరింపు. నేను నీ పక్షాన తీస్తున్నా. ఇది ఎంతమంది ఆడవాళ్ళ కథ!"

"ఆ ఎంతమందిలో ఒకర్తి ఇదే ఇంట్లో నీకు టీ కలుపుతోంది. వంటగది పదడుగులు. వచ్చి అడగటానికి కాళ్ళు రాలేదా?"

"నిన్ను అడిగితే వద్దంటావని..." అని నాలుక కరుచుకుంది కూతురు.

"ఆ. తెలుసన్నమాట."

సోఫాలోంచి అత్తగారు అందుకుంది. "పిల్ల చదువు కోసమే కదమ్మాయ్, కాస్త సర్దుకోరాదూ." లోపల్నుంచి మొగుడొచ్చాడు. "వీడియో తీసింది నేను. నాది. నేను సంతకం పెట్టాను. మధ్యలో నీ గొడవేంటోయ్? మళ్ళీ ఓ నాలుగు లక్షల మంది చూస్తారు, మంచిదేగా."

"ఒక్క నిమిషం" అంది ఆమె. పాటవాడికి అలవాటు కొద్దీ నవ్వు తన్నుకొచ్చింది. ఆమె వాడివైపే చూస్తూ నిలబడింది, ఆ నవ్వు వాడి గొంతులోనే చచ్చేదాకా. "నేనింకా పూర్తి చెయ్యలేదు."

కిటికీ పక్కన స్టాండు మీద కెమెరా ఎర్రగా వెలుగుతోంది. "అదేంటి?"

"మేకింగ్ వీడియో ఆంటీ... ప్రాజెక్టుతో పాటు ఇవ్వాలి..."

"ముందు అది ఆపు. ఈ ఐదు నిమిషాలూ చెరిపెయ్." కెమెరా పిల్ల మారుమాట లేకుండా లేచి ఆపింది, చెరిపి, తెర ఆమెకి చూపించింది. ఆ ఇంట్లో ఆమె మాట మొదటిసారి విన్నది ఆ పరాయి పిల్లే.

"ఇప్పుడు మీరు" అంది మొగుడితో. "ఫోను తియ్యండి."

"ఊరంతా చూసేశాక తీసేస్తే మాత్రం ఏం ఒరుగుతుంది?"

"ఊరి సంగతి తర్వాత చూసుకుంటాను. ముందు మీ సంగతి. నేను చూస్తుండగా తీసెయ్యాలి. వచ్చే నెల నేను కొత్త అధికారి గదిలోకి వెళ్తున్నాను. నా మాట నాకంటే ముందు ఆ గదిలోకి వెళ్ళటానికి వీల్లేదు."

ఆయన తల్లి వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, జేబులో చెయ్యి పెట్టాడు. కూతురి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఈసారీ నిజం నీళ్ళే. "అమ్మా, తొమ్మిదో బొమ్మే దీనికి ప్రాణం. అది తీసేస్తే మా వీడియోలో ఏమీ మిగల్దే."

"మిగలకపోనీ. కొత్తది ఆలోచించు. కీర్తి వెనక చీకటి ఎలా ఉంటుందో ఇవాళ నీకే తెలిసింది కదా, నీ మీదే తీసుకో." బల్లమీది పెన్ను తీసి కూతురి చేతిలో పెట్టింది. "ముందు ఆ కాగితం దగ్గరికి రా. 'అక్కర్లేదు' కొట్టెయ్. పక్కన 'ఇవ్వలేదు' అని రాయి. కనిపించేట్టు, పెద్దగా రాయి. ఇప్పుడే."