గంటలు విప్పిన నలభై రోజులు

వాంగెల్ కొండ మీది దొడ్డికి చేరేసరికి స్పాసె పాలు పితకడం ముగించి, జున్ను మూట పిండి కొక్కేనికి వేలాడదీస్తున్నాడు.

"రావయ్యా డాక్టరూ. ముఖం చూస్తే పస్తున్నట్టున్నావు. ముందు తిను, చెడ్డ మాట తర్వాత చెప్పొచ్చు."

"చెడ్డ మాటని నీకెవరు చెప్పారు?"

"మంచి మాటైతే ఫోన్ చేసేవాడివి. నా కోసం కొండెక్కేంత ప్రేమ నీకెప్పుడుంది?"

స్పాసె నిన్నటి జున్ను ముక్క కోసి, రొట్టెతో పాటు పళ్లెంలో పెట్టి ముందుకు తోశాడు. వాంగెల్ చెయ్యి చాపలేదు. ముప్పై ఏళ్లుగా ఈ దొడ్డికి పశువుల డాక్టరుగా వస్తున్నాడు. ఒక్కసారి కూడా ఆ పళ్లెం కాదనలేదు. స్పాసె పళ్లెం వంక చూశాడు, కదలని ఆ చేతి వంక చూశాడు. పళ్లేన్ని మెల్లగా తన వైపుకి లాక్కున్నాడు.

"ఎన్ని?" అన్నాడు.

"ఎనభై నాలుగు గొర్రెల్లో ముప్పై ఆరింటికి ఉంది."

మూడేళ్ల క్రితం యూరప్ డబ్బుతో ఈ పథకం వచ్చింది. గొర్రెల చెవులకి బిళ్లలు, ఏటా రక్త పరీక్షలు, ఊళ్లో పాల కోసం చల్లని గది. రేపు దేశం యూరప్ కూటమిలో కలిసేనాటికి ఇక్కడి జున్ను, మాంసం సరిహద్దు దాటి వెళ్లాలంటే మందల్లో ఈసుకుపోయే రోగం ఉండకూడదు. కడుపుతో ఉన్న గొర్రె ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే పిల్ల పడిపోతుంది, పాల ద్వారా మనిషికీ జ్వరం తగులుకుంటుంది. వాంగెల్ భార్య లెంచె ఆ జ్వరంతోనే రెండేళ్లు నడుం పట్టుకుని మూలిగింది. ఆమె పోయింది వేరే జబ్బుతో. అయినా ఆ రెండేళ్లు గుర్తుండబట్టే అతను ఈ పథకాన్ని మనసారా నమ్మాడు.

ఊరు మాత్రం నమ్మలేదు. బిళ్లలేశాక పన్నులేస్తారని గోల పెట్టింది. అప్పుడు అందరికన్నా ముందు సంతకం చేసింది స్పాసె భార్య దోంకా. "పాస్‌పోర్టు తీసుకునే వయసు నాకు దాటింది. నా జున్నైనా సరిహద్దు దాటి సలోనికా చూసి వస్తుంది," అంది.

మందలో మూడో వంతుకి మించి రోగముంటే మంద మొత్తం కబేళాకి పోవాలి. ఆ నిబంధన స్పాసెకీ తెలుసు.

"రెండేళ్లు ఆగితే కొత్త గొర్రెలిస్తారు," అన్నాడు వాంగెల్. "మంచి జాతివి."

"ఇస్తారులే. వాటికి దోంకా గొంతు తెలుస్తుందా?"

వాంగెల్ సంచిలోంచి నింపాల్సిన కాగితం తీశాడు. "నువ్వూ బిటోలా ఆసుపత్రికి వెళ్లి పరీక్షకి రక్తం ఇచ్చిరావాలి," అన్నాడు.

"నా చెవికీ బిళ్లేస్తారా?"

ఇద్దరూ కొంచెం నవ్వారు. తర్వాత స్పాసె అడిగాడు, "పోయినేడు పరీక్షలో ఒక్కదానికీ లేదు కదయ్యా. ఎక్కణ్నుంచి వచ్చింది?"

"నీళ్లో, కుక్కలో. ఇదీ అని చెప్పలేం."

చెప్పగలడు. ఏప్రిల్లో దోంకా పోయింది. యజమానురాలు పోతే నలభై రోజులు మందకి గంటలుండకూడదని అక్కడి ఆచారం. స్పాసె ఒక్కొక్క మెడ నుంచీ గంట విప్పి, ఆమె పెట్టెలో దాచాడు. మే నెలలో మంద మూగగా కొండెక్కింది. పొగమంచు దిగింది. గంటల చప్పుడు ఉంటే దేని మంద దానికి తెలిసేది. లేకపోయేసరికి అవతలి గట్టు నౌమ్ మందలో కలిసిపోయి రెండు రోజులు మేశాయి. సూది పట్టుకుని గుమ్మం తొక్కితే కుక్కని వదులుతానని, తన మందకి పరీక్షే చేయనివ్వని మనిషి నౌమ్.

ఇదంతా స్పాసె నోటితోనే కాఫీ హోటల్లో విన్నాడు వాంగెల్. మందని విడిగా కట్టు, పరీక్ష చేస్తాను అని అప్పుడే అనాల్సింది. నీ దుఃఖం వల్ల రోగం వచ్చి ఉంటుందని, భార్య పోయి నెలైనా కానివాడితో ఎలా అంటాడు? కప్పులోకి చూస్తూ ఊరుకున్నాడు. అది దయ అనుకున్నాడు.

కాగితంలో రోగం వచ్చిన దారి రాయాల్సిన చోట, 'మే నెలలో పొగమంచు, నౌమ్ మందతో కలిశాయి' అని రాశాడు. గంటల మాట రాయలేదు.

గురువారం ఉదయం లారీ వచ్చింది. డ్రైవర్ ఇల్చో దిగుతూనే, "ఏం పెద్దాయనా, పెళ్లికి తోలుతున్నావా వీటిని?" అని నవ్వి, స్పాసె ముఖం చూసి టోపీ తీసేశాడు.

ఎనభై నాలుగింటి మెడలోనూ గంటలున్నాయి. నలభై రోజులు ఎప్పుడో గడిచినా, స్పాసె వాటిని పెట్టె నుంచి ఇప్పటిదాకా తీయనే లేదు. చివరిది కళ్ల చుట్టూ నల్ల మచ్చలున్న కలేషా, దోంకా సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రె. స్పాసె ఎంత లాగినా పట్టీ ముడి పడలేదు. వాంగెల్ మోకాళ్ల మీద కూర్చుని దాని మెడ పట్టుకున్నాడు.

"మేలో విప్పకుండా ఉండాల్సింది," అన్నాడు స్పాసె, ముడి వైపే చూస్తూ. "ఈసారైనా దారిలో ఒకదాన్నొకటి పోగొట్టుకోవు."

వాంగెల్ దాని మెడ వదలకుండానే అన్నాడు, "స్పాసె, ఆ రోజు కాఫీ హోటల్లో నేను..."

"నువ్వు మందని విడిగా కట్టమన్నా కట్టేవాణ్ని కాదయ్యా. ఊరుకో."

గొర్రెల్ని గంటలతో ఎక్కించకూడదన్న చట్టం మాట ఇల్చో ఎత్తలేదు. గంటలు కబేళా దగ్గర విప్పించి, తిరిగి తెచ్చిస్తానన్నాడు. లారీని మలుపుల మీద ఎప్పుడూ లేనంత నిదానంగా దింపాడు. మూడో మలుపు దాకా చప్పుడు వినిపించింది.

జున్నంతా గొయ్యి తీసి పూడ్చి, సున్నం చల్లారు. చేతులు కడుక్కున్నాక స్పాసె లోపలికెళ్లి, రొట్టె, ఉప్పు, కాల్చిన మిరపకాయలు తెచ్చాడు. పళ్లెంలో జున్ను పెట్టే చోటు ఖాళీగా ఉంది.

"తిను డాక్టరూ," అన్నాడు. "దీంట్లో ఏమీ లేదు."

వాంగెల్ చెయ్యి చాపాడు.