కొప్పులో పికిలిపిట్ట

పుల్లలచెరువు అవతల, అడవి అంచు పల్లెలో నీళ్ల ట్యాంకరు వస్తే ఆడవాళ్లంతా బిందెలు నెత్తిన పెట్టుకుని ఇళ్లకు మోస్తారు. ఈ వేసవిలో ఫెబీ మాత్రం బిందె చంకన పెట్టుకుంది. ఆమె కొప్పులో పికిలిపిట్ట గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది.

"కొప్పు బిగించి కట్టుకోయే, జారిపోతాది," అంది అత్త ఎలీషబా. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆదివారాలు మార్కాపురం నుంచి గూళ్లు చూసే వాలంటీర్లు వస్తారు. బట్టల దుకాణం వాళ్లమ్మాయి సింధు వాళ్లకు పెద్ద. గూడున్న కొమ్మకు తెల్ల రిబ్బను కట్టడం వాళ్ల పద్ధతి. ఫెబీకి మణికట్టుకు కట్టారు.

"పిల్లలు ఎగిరిపోయేదాకా గూడు కదలకూడదు, అన్నా," అని ఫెబీ మొగుడు తిమోతికి చెప్పింది సింధు. "దగ్గర్లో అరవకూడదు కూడా."

తిమోతి బుద్ధిగా తలూపాడు. కూరలో ఉప్పెక్కువైనా అరవలేదు. లేచిన చెయ్యి రిబ్బనును చూసి దిగిపోయేది. టీ బంకు దగ్గర "మా ఇంట్లో గూడుంది" అని గొప్పలు పోయేవాడు. చర్చిలో ఫెబీ ముసుగు వేసుకోకపోయినా పాస్టరుగారు ఊరుకున్నారు. పెళ్లానికి తగిలే దెబ్బ ఇంటి సంగతి, పిట్టకు తగిలితే ఊరి సంగతి. పోయిన చలికాలం తిమోతి తన్నిన తన్నుకు ఫెబీకి కడుపు పోయింది. అప్పుడు ఎవరూ ఏ రిబ్బనూ కట్టలేదు.

ఆ ఇంటి గుమ్మం పొట్టిది, తల వంచితే గాని లోపలికి పట్టరు. అందుకని గూడున్నన్నాళ్లూ ఫెబీ వసారాలోనే వండింది, గోడకానుకుని కూర్చునే నిద్రపోయింది.

రెండు గుడ్లు పిల్లలయ్యాయి. వేసవి ముదిరాక ఒక ఆదివారం రెండూ ఎగిరి తుమ్మచెట్టు మీద వాలాయి. సింధు రిబ్బను విప్పబోయింది.

ఫెబీ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇంకొకటుందిగా పాపా. అది కూడా చూడు. నీకు పుణ్యముంటాది."

సింధు ఆ గుడ్డును తీసి ఎండకు పట్టి చూసింది. "ఇది పిల్ల కాదక్కా. మొదట్లోనే పోయింది. గూడు ఎప్పుడన్నా గట్టిగా కదిలిందా?"

"మీరు రాకముందు," అంది ఫెబీ. "అన్నం చల్లారిందని నెత్తిమీద కొట్టినాడు."

సింధు గుడ్డును ఫెబీ అరచేతిలో పెట్టింది.

"అయితే ఇదీ అట్లే పోయిందన్నమాట," అంది ఫెబీ.

రిబ్బను తనే విప్పి ఇచ్చేసింది. దొడ్లో కంచె పక్కన, చలికాలంలో బిడ్డను గుడ్డలో చుట్టి పాతిన చోటనే, గుడ్డును కూడా పాతిపెట్టింది.

లోపల మంచం మీద నుంచి తిమోతి అరిచాడు. "ఏమే! అయిపోయిందిలే నీ వైభోగం. లోపలికి రా, నీ సంగతి చెప్తా!"

ఫెబీ గుమ్మం ముందు నిలబడి తల వంచబోయింది. మెడ వంగలేదు. ఎలీషబా వచ్చి అరచేత్తో అదిమి చూసింది. అయినా వంగలేదు.

"ఏందే ఇది?"

"ఇంక వంగదత్తా."

ఎలీషబా నడుము ఆ గుమ్మంలో దూరీ దూరీ ఏనాడో వంగిపోయింది. ఆమె కోడలి మొహం చూడాలంటే మెడెత్తాలి. ఎత్తి, చాలాసేపు చూసింది. తన చెప్పులు విడిచి ఫెబీ కాళ్ల దగ్గరికి తోసింది.

"ఏసుకోని పో. నేల కాలుతాది."

"ఏమే, వస్తుండావా లేదా?" లోపల నుంచి మళ్లీ కేక.

ఫెబీ మార్కాపురం బస్సు ఆగే రోడ్డుకేసి నడిచింది. గూట్లో ఒక్క ఈక కూడా మిగల్లేదు. అయినా దారి పొడుగునా తల కదలనియ్యకుండా, నిదానంగా నడిచింది, లోపల ఇంకొకటి ఉన్నట్టే.